నలభై ఐదు డిగ్రీల పైపు

ఫలక్‌నుమా స్టేషన్ వెనక సందులో దస్తగీర్ భాయ్ గ్రిల్ల దుకాణం ఉంది. ఇశ్రాయేలు అక్కడ పద్నాలుగేళ్లుగా వెల్డరు. చాంద్రాయణగుట్ట చౌరస్తా నుంచి ఏ గల్లీలోకి తిరిగినా అతను అతికిన కిటికీయో, మెట్ల కటకటాలో ఒకటైనా కనబడుతుంది. కానీ అది తన పని అని అతను తప్ప ఇంకెవరూ గుర్తుపట్టలేరు. గ్రిల్ల పని తీరే అంత. అతుకు ఎగుడుదిగుడుగా వస్తే గ్రైండరుతో రాకాలి. సందు మిగిలితే పుట్టీ పెట్టాలి. ఆపైన రెండుసార్లు నల్లరంగు కొడితే ఇంటాయన సంతోషంగా గేటును రెండుసార్లు తెరిచి మూసి చూసుకుంటాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అడగరు.

అడిగేవాళ్లు ఉంటారని ఇశ్రాయేలుకు రెండేళ్ల కిందట తెలిసింది. కంచన్‌బాగ్ వైపు ఒక కార్ఖానాలో రెయిలింగులు బిగించడానికి రెండు నెలలు వెళ్లాడు. అక్కడ పక్క షెడ్డులో పైపులు అతికేవాళ్లు. ఒకరోజు ఒక అతుకును కోసి పారేసి మళ్లీ వేయమన్నారు. ఇశ్రాయేలు దగ్గరికి వెళ్లి చూశాడు. పేర్చిన నాణేల్లా ఒకదాని మీద ఒకటి వాలిన అలలు. తన జన్మలో అంత అందమైన అతుకు వేయలేదు. ఎందుకు కోస్తున్నావని ఆ వెల్డరును అడిగితే, "ఎక్స్‌రేల లోపల సూదిమొనంత బొక్క కనబడ్డదన్నా," అని చెప్పి గ్రైండరు అందుకున్నాడు.

ఆ రోజు ఇంటికొచ్చి ఇశ్రాయేలు భార్య సోనీతో చాలాసేపు అదే చెప్పాడు. పైన రంగు లేదు, పుట్టీ లేదు, లోపలి వరకు చూస్తారట. అట్లాంటి పని చేయాలని ఉందన్నాడు. ముప్ఫై ఆరేళ్ల వయసులో పదో తరగతి కుర్రాడిలా పరీక్ష రాయాలన్న కోరిక పుట్టింది అతనికి.

పరీక్ష చెప్పుకోవడానికి చిన్నదే. అరచేతిలో పట్టేంత లావున్న పైపు ముక్కలు రెండింటిని ఎదురెదురుగా పెట్టి, నలభై ఐదు డిగ్రీల వాలులో బిగించేస్తారు. దాన్ని తిప్పకూడదు, కదపకూడదు. వెల్డరే దాని చుట్టూ తిరగాలి. పైన వేసేటప్పుడు నిలబడాలి, పక్కకొచ్చేసరికి వంగాలి, అడుగున వేసేటప్పుడు దాదాపు పడుకోవాలి. మొదటి వరస, అంటే లోపలి అంచులు రెండూ కలిసేది, ఆర్గాన్ అనే వాయువు నీడలో వేయాలి. కరిగిన లోహానికి మామూలు గాలి తగలకుండా ఆ వాయువు కాపు కాస్తుంది. తర్వాత ఎక్స్‌రే తీస్తారు. పోయినేడు మొదటిసారి వెళ్లి తప్పాడు. లోపలి అంచు ఒకచోట కరగనే లేదు. పరీక్ష పెట్టిన పైపుల కంపెనీవాళ్లు ఇంకొక్కసారి పిలుస్తామన్నారు. అది ఏప్రిల్ ఆఖరులో. మూడోసారి పిలవడం వాళ్ల పద్ధతిలో లేదు.

జనవరిలో సాధన మొదలుపెట్టాడు. దుకాణం పదింటికి తెరుస్తారు కాబట్టి పొద్దున్నే ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు వెనక షెడ్డు వాడుకోమన్నాడు దస్తగీర్ భాయ్. గ్యాస్ సిలిండరు ఇశ్రాయేలుదే. "ఏం జేస్తున్నవ్ భాయ్ నా షెడ్ల? కంచన్‌బాగ్ మిసైళ్ల వాళ్లకు పోటీగా రాకెట్టా? ఎగిరేసే ముందు జర చెప్పు, పైన రేకులు తీపిస్త," అనేవాడు.

నేర్పడానికి జగదీశ్వర్ సార్ దొరికాడు. ప్రభుత్వ కర్మాగారంలో ముప్ఫై రెండేళ్లు వెల్డింగ్ చేసి రిటైరైన మనిషి. గేటు కొక్కెం బాగు చేయించుకోవడానికి వచ్చి, ఇశ్రాయేలు పనితనం చూసి, అతని కోరిక విని, శనివారం శనివారం స్కూటరు మీద వచ్చి గంటసేపు కూర్చుంటానన్నాడు. మొదటి రోజే చెప్పాడు.

"షట్టర్ దించి చెయ్యాలె. ఆ సందు దిక్కు కిటికీకి ఏమన్న అడ్డం గట్టు. బయటి గాలి కొడితే ఆర్గాన్ ఎగిరిపోతది, నీ అతుకు జల్లెడ అయితది."

ఇశ్రాయేలు ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాడు. షట్టరు దించాడు. కిటికీకి గోనెసంచులు రెండు పొరలు కట్టాడు. షట్టరు కింద మిగిలిన సందులో పాత గుడ్డలు కుక్కాడు.

జనవరి బాగా గడిచింది. అలారం మోగకముందే లేచేవాడు. వేసిన ప్రతి అతుకునూ నిలువునా కోసి లోపల ఎలా ఉందో చూసేవాడు. ఫిబ్రవరి ముగిసేసరికి ఐదింటిలో నాలుగు శుభ్రంగా వస్తున్నాయి. నాలుగేళ్ల కూతురు స్వీటీ అన్నం తింటుంటే ఆమె కంచం చుట్టూ చెంచా తిప్పుతూ చేతి మలుపు చూపించేవాడు. ఆ పిల్ల చెంచా లాక్కుని తనూ తిప్పేది.

మార్చిలో అంతా తిరగబడింది. అతుకులో బొక్కలు మొదలయ్యాయి. కోసి చూస్తే లోపల ఆవగింజల్లాంటి గుంటలు, పైన బూడిదరంగు పొర. ఒకరోజు రెండు, మర్నాడు ఐదు. చేయి వణుకుతోందేమోనని మోచేతికి దిండు పెట్టుకున్నాడు. కన్ను మందగించిందేమోనని పరీక్ష చేయించుకున్నాడు. సార్‌తో చెబితే ఆయన ఒక్కొక్కటే అడిగాడు.

"గ్యాస్ మంచిగ వస్తుందా?"

"వస్తుంది సార్."

"రాడ్డు తుడుస్తున్నవా? పైపు లోపల తుప్పు గీకుతున్నవా?"

"తళతళ మెరిసేటట్టు గీకుతున్న సార్."

"ఎక్కడన్న గాలి దూరుతుందా?"

"లేదు సార్. చూడుండ్రి, సంచులు అట్లనే ఉన్నయి."

సార్ సంచులు చూశాడు, షట్టరు కింద గుడ్డలు చూశాడు, తలూపాడు. గొట్టం మార్పించాడు, సిలిండరు మార్పించాడు. "ఇగ నా ముందట ఒకటి వెయ్యి," అన్నాడు. ఇశ్రాయేలు వేశాడు. కోసి చూస్తే అద్దంలా ఉంది. ఆ తర్వాతి శనివారమూ అంతే. సార్ ఉంటే ఒక్క గుంట లేదు, సార్ వెళ్లిన మర్నాటి నుంచి జల్లెడ.

"నీ చేతిల ఏం తక్కువ లేదు బిడ్డా. గుండెల తక్కువుంది," అన్నాడు సార్. దస్తగీర్ భాయ్ అయితే, "నజర్ లగ్ గయీ. ఎవరో చూపు పెట్టిండ్రు. నిమ్మకాయ కట్టు," అన్నాడు. చర్చిలో పాస్టరుగారితో ప్రార్థన చేయించారు. ఎవరేం చెప్పినా అర్థం ఒక్కటే, లోపం ఇశ్రాయేలులోనే ఉందని. అతనూ నమ్మేశాడు. నమ్మాక లేవడం కష్టమైంది. అలారం మోగితే ఆపి పడుకునేవాడు. "ఇయాళ నడుము పట్టింది," అనేవాడు. ఇంకోరోజు, "గ్యాస్ కొద్దిగనే ఉంది, శనివారానికి దాచిపెడుత," అనేవాడు.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక పొద్దున సోనీ దుప్పటి లాగేసింది.

"ఏందయ్యా, పోవా?"

"పోయి ఏం జేయాలె? ఇగ నాతోని గాదు సోనీ. గ్రిల్ల పని జేసెటోడు గ్రిల్ల పనే జెయ్యాలె."

"మూడు నెలల సంది నా నిద్ర ఖరాబు జేసి, ఇప్పుడా చెప్పేది?"

సోనీ చాంద్రాయణగుట్టలో ఒక రక్తపరీక్షల లాబ్‌లో పనిచేస్తుంది. ధైర్యం చెప్పడం ఆమెకు పెద్దగా రాదు. వచ్చిందల్లా రాసిపెట్టడం. ఆ సాయంత్రం లాబ్ నుంచి ఒక పాత నోటుపుస్తకం తెచ్చి గీతలు కొట్టింది. తేదీ, గ్యాస్ ఎంత, కరెంటు ఎంత, పక్కన ఎవరున్నారు, ఇంకేమైనా, ఎన్ని బొక్కలు.

"మా దగ్గర రిపోర్టు తప్పొస్తే నాకు ధైర్యం లేదని ఎవ్వరనరు. ఏం మారిందని అడుగుతరు. రోజూ రాయి. బొక్కలొచ్చినా రాయి. మంచిగ చేసి రమ్మని నేనంటలేను, రాసుకొని రమ్మంటున్న."

మంచిగా చేయాలన్న బరువు లేకపోవడం వల్లనో ఏమో, రాయడానికి వెళ్లడం తేలికనిపించింది. పది రోజులు రాశాడు. పుస్తకం చెప్పింది తెలిసిన సంగతే. సార్ ఉన్న శనివారం సున్నా. మిగతా రోజులు నాలుగు, ఏడు, ఐదు, తొమ్మిది. అది కళ్లెదుట అంకెల్లో చూసేసరికి ఇశ్రాయేలుకు ఉన్న కాస్త ఆశా జారిపోయింది. సార్‌ను పరీక్షకు రమ్మని బతిమాలాడు.

"ఏంది, ఒళ్లో కూసోబెట్టుకొని అతుకుతవా నన్ను?" అని సార్ నవ్వాడు. నవ్వాడే గానీ ఆయన ముఖంలోనూ దిగులు కనబడింది.

పరీక్ష ఇంకా తొమ్మిది రోజులుందనగా స్వీటీకి జ్వరం వచ్చింది. ముందురోజు సాయంత్రమే ఒళ్లు వెచ్చగా ఉంది, తెల్లారేసరికి నూటరెండు. సరిగ్గా అప్పుడే ఇంట్లో సీలింగ్ ఫ్యాను తిరగడం మానేసింది. ఇశ్రాయేలు పరుగున షెడ్డుకు వెళ్లి, అక్కడ పెట్టుకున్న స్టాండు ఫ్యాను స్కూటరు మీద అడ్డంగా పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. పిల్లకు సిరప్ పట్టారు, తడిగుడ్డతో తుడిచారు. ఇశ్రాయేలు రెండు నిమిషాలకోసారి నుదురు తాకి చూస్తున్నాడు. మూడుసార్లు థర్మామీటరు పెట్టాడు. ఊపిరి వేగంగా తీస్తోందని ఒకసారి, మరీ నిదానంగా తీస్తోందని ఒకసారి సోనీని పిలిచాడు. సోనీకీ కంగారుగానే ఉంది. ఇద్దరూ ఒకరి కంగారు ఒకరు పెంచుకుంటున్నారని ముందు ఆమెకే తట్టింది.

"నువ్వు షెడ్డుకు పో. డాక్టరమ్మ తొమ్మిదింటికి వస్తది. అప్పటిదాంక నువ్వు గిట్ల పిల్లను సతాయిస్తనే ఉంటవ్. ఏమన్నుంటే ఫోన్ జేస్త."

వెళ్లాడు. ఫోను చొక్కా జేబులో పైకి కనబడేలా పెట్టుకున్నాడు. షట్టరు దించాడు. లోపల కుండలో కూర్చున్నట్టుంది. చెమట కనుబొమల మీంచి కారుతోంది. అతుకు మీద మనసు లేదు. ఏదో ఒకటి చేస్తే తొమ్మిదవుతుందని వేశాడు. వేస్తూ కూడా జ్వరం గురించే ఆలోచించాడు. చల్లారాక అలవాటుకొద్దీ కోశాడు.

ఒక్క గుంట లేదు.

నమ్మకం కలగక ఆ ముక్కను బల్బు వెలుతురుకు పట్టి చూశాడు. వేలితో తడిమాడు. నున్నగా ఉంది. సంబరం కూడా రాలేదు, ఇదేదో పొరపాటనుకున్నాడు. పుస్తకం తీసి రాశాడు. గ్యాస్ అంతే, కరెంటు అంతే. పక్కన ఎవరూ లేరు. 'ఇంకేమైనా' అన్న చోట, తను ఎంత అవస్థ పడ్డాడో సోనీకి తెలియాలని, "ఫ్యాను లేదు. ఉడికి చచ్చిన" అని రాశాడు. బొక్కలు సున్నా.

పెన్ను మూయబోయి ఆగాడు. ఆ వరుసను మళ్లీ చదివాడు.

జనవరిలో చలి. ఫ్యాను అవసరమే రాలేదు. మార్చి మొదటివారంలో, షట్టరు దించి సంచులు కట్టిన ఆ గదిలో ఊపిరాడక, ఇంటి నుంచి ఫ్యాను తెచ్చుకుని ఎడమపక్కన పెట్టుకున్నాడు. బయటి గాలిని అంత కష్టపడి ఆపినవాడు లోపల తనే గాలి పుట్టించుకుంటూ కూర్చున్నాడు. మామూలు గ్రిల్ల వెల్డింగులో రాడ్డుకు మందు పూత ఉంటుంది, అదే కరిగి కాపు కాస్తుంది. పద్నాలుగేళ్లు ఫ్యాను పక్కన పెట్టుకునే పని చేశాడు, ఏమీ కాలేదు. అందుకే దాని మీద అనుమానమే రాలేదు.

అయినా పుస్తకం అలవాటు చేసిన బుద్ధి ఒక్కదాంతో ఒప్పుకోనివ్వలేదు. దస్తగీర్ భాయ్ బల్ల మీది టేబుల్ ఫ్యాను తెచ్చి, ఎడమపక్కనే పెట్టి, ఒక వరస వేశాడు. కరిగిన లోహం బుసబుసమంది, బూడిదరంగు తిరిగింది. ఫ్యాను ఆపి పక్కనే ఇంకో వరస వేశాడు. మెరిసింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ ఆపాడు. ఆరు వరసలు. ఫ్యాను ఉంటే బొక్కలు, లేకుంటే నునుపు, ఒక్కసారీ తేడా రాలేదు.

నేల మీద కూలబడి ఫోను తీశాడు. ముందు అడిగింది మాత్రం వేరే.

"జ్వరం ఎంతుంది?"

"తొంభై తొమ్మిది. డాక్టరమ్మ చూసిపోయింది, గొంతు వాచిందంట, అంతే. ఇడ్లీ కావాలని లొల్లి పెడుతుంది," అంది సోనీ. ఆమె గొంతులో పొద్దుటి బిగువు లేదు. "నీ గొంతు ఏంది గట్లుంది?"

చెప్పాడు.

"మరి సార్ వచ్చినప్పుడు ఫ్యాను ఉండె గదా?"

"ఉండె."

"ఎటు దిక్కుండె?"

"సార్ దిక్కు. పెద్దమనిషి షెడ్డుదాంక వస్తే ఫ్యాను ఆయన దిక్కు తిప్పనా మరి? నా దిక్కు పెట్టుకొని కూసుంటనా?"

సోనీ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆపుకోలేక ఫోను స్వీటీకి ఇచ్చేసింది. "డాడీ, ఇడ్లీ," అంది స్వీటీ గట్టిగా. ఇశ్రాయేలుకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ గొంతు అంత గట్టిగా వినబడటమే ముందు అతనికి చాలనిపించింది.

శనివారం సార్‌కు చెబితే ఆయన నుదురు కొట్టుకున్నాడు. "ముప్ఫై రెండేండ్ల సర్వీసు నాది. ఫ్యాన్ గాలి సల్లగ తీసుకుంట, నిన్ను గాలి దూరుతుందా అని అడిగిన! ఎవ్వరికి చెప్పకు బిడ్డా, నా పింఛన్ ఆపుతరు." ఆ రోజు గంటసేపూ ఆయన విసనకర్ర కూడా ముట్టకుండా ఉడుకులోనే కూర్చున్నాడు. వద్దంటే వినలేదు.

మిగిలిన రోజుల్లో ఇశ్రాయేలు మెడకు తడి తువ్వాలు చుట్టుకుని, ప్రతి వరసకూ గ్లాసెడు నీళ్లు తాగుతూ సాధన చేశాడు. అలారం మోగకముందే మళ్లీ లేస్తున్నాడు. ధైర్యం ఎక్కడి నుంచీ కొత్తగా రాలేదు. లోపం తన గుండెలో లేదని తెలిశాక, పోయిన ధైర్యమే తిరిగొచ్చింది.

పరీక్ష లింగంపల్లి అవతల ఒక యార్డులో. మొదటి రైలుకే వెళ్లాడు. ఆరుగురు వెల్డర్లు. షెడ్డుకు ఒకపక్క గోడ లేదు, అక్కడి నుంచి చల్లటి గాలి వస్తుంటే మిగతావాళ్లు హాయిగా అటే తిరిగి కూర్చున్నారు. ఇశ్రాయేలు పైపు సరిగ్గా ఆ గాలి దారిలో ఉంది. పోయినసారి అయితే నోరు తెరిచేవాడు కాదు, ఏం పెడితే అందులోనే తంటాలు పడేవాడు. ఈసారి ఇన్‌స్పెక్టర్ ఆనందరావు దగ్గరికి వెళ్లాడు.

"సార్, గాలి కొడుతుంది. ఒక రేకు అడ్డం పెట్టుకోవచ్చా?"

పక్క వెల్డరు నవ్వాడు. "పెండ్లికూతురివా ఏందన్నా, పర్దా అడుగుతున్నవ్?"

"అవు తమ్మీ, నన్ను చూడొస్తున్నరు. లోపల గూడ చూస్తరంట," అన్నాడు ఇశ్రాయేలు.

ఆనందరావు నవ్వకుండా ఒక రేకు చూపించాడు. ఇశ్రాయేలు దాన్ని లాక్కొచ్చి నిలబెట్టి, కిందికి వంగి మొదలుపెట్టాడు. అడుగున సగం దూరం వచ్చేసరికి చెమట చుక్క కంట్లో పడింది. గ్రిల్ల పనిలో అయితే కన్ను మూసుకునే లాగించేసేవాడు, పైన పుట్టీ ఉంది కదా. ఇక్కడ ఆపాడు. ముఖం తుడుచుకున్నాడు. ఆపిన చోటును గ్రైండరుతో పల్చగా రాకి, అక్కడి నుంచి మళ్లీ ఎత్తుకున్నాడు. అందరికంటే ఆఖరున లేచాడు.

ఎక్స్‌రే చూడటానికి రెండు రోజులన్నారు. ఆ రెండు రోజులు దుకాణంలో ఒక గేటుకు గొళ్లెం తలకిందులుగా అతికాడు. దస్తగీర్ భాయ్ తనే ఊడదీసి పెట్టాడు.

మూడో రోజు మధ్యాహ్నం యార్డులో ఆరుగురినీ గది బయట నిలబెట్టి ఒక్కొక్కరినే పిలిచారు. ముందు వెళ్లిన ముగ్గురిలో ఇద్దరు తలవంచుకుని వచ్చారు. పర్దా అని నవ్వినవాడు వాళ్లలో ఒకడు. ఇశ్రాయేలు అతని భుజం తట్టాడు. తర్వాత తన పేరు వినబడింది. లోపల ఆనందరావు వెలుగుతున్న తెల్లటి పలక మీద ఫిల్ము పెట్టి భూతద్దంతో ఈ చివర నుంచి ఆ చివర వరకు చూస్తున్నాడు. ఎంతసేపు చూశాడో.

"అడుగున ఆగినవా ఒకచోట?"

"ఆగిన సార్. కంట్ల చెమట పడ్డది."

"ఎక్కడ ఆగినవో నాకు కనబడతలేదు." ఆనందరావు భూతద్దం పక్కన పెట్టాడు. "పాస్. సోమవారం రా, కాగితాలు తీసుకొని."

ఇశ్రాయేలు కదలలేదు. "ఒకసారి చూడొచ్చా సార్?"

ఆనందరావు జరిగి చోటిచ్చాడు. బూడిదరంగు ఫిల్ము మధ్యలో తెల్లటి పట్టీ. చుక్క లేదు, గీత లేదు. చూడటానికి ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్నే ఇశ్రాయేలు తనివితీరా చూశాడు.

బయటికి వచ్చి సోనీకి ఫోను చేశాడు.

"అయింది."

"అయిందంటే? సక్కగ చెప్పు."

"పాసైన."

"ఆగు, ఆగు. సూది చేతిల ఉంది నాకు. పెద్దాయన చెయ్యి పట్టుకొని ఉన్న. ఇప్పుడేం చెప్పకు, నా చెయ్యి వణుకుతది," అని ఫోను పెట్టేసింది. రెండు నిమిషాలకు తనే చేసింది. ఇద్దరూ చెప్పుకున్నది తక్కువ. స్వీటీ పొద్దున రెండు ఇడ్లీలు తిందట, ఇంకోటి కావాలని లొల్లి పెట్టిందట.

సార్‌కు కూడా చెప్పి రైలెక్కాడు. కిటికీ పక్కన చోటు దొరికింది. బేగంపేట దాటడం గుర్తుంది. ఆ తర్వాత ఏమీ గుర్తులేదు. మార్చి నుంచి బాకీపడిన నిద్రంతా ఒక్కసారిగా వచ్చి మీద పడింది. స్టేషన్లు వచ్చాయి, పోయాయి. ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు, ఎవరిదో సంచి అతని మోకాలికి తగిలింది. దేనికీ లేవలేదు.

బండి ఇంక ముందుకు పోదంటూ ఎదుటి సీటు ముసలాయన భుజం పట్టి కుదిపాడు. "ఉఠో బేటా. ఫలక్‌నుమా ఆ గయా. గాడీ ఆగే నహీ జాతీ."

"జానే కో కహీ నహీ హై చాచా," అన్నాడు ఇశ్రాయేలు కళ్లు తెరవకుండానే. "నేను గూడ ముందుకు పోయేది లేదు. ఇక్కడే మా ఇల్లు." ముసలాయన నవ్వి దిగిపోయాడు. ఖాళీ అయిన పెట్టెలో ఇశ్రాయేలు కాళ్లు బారజాపి ఇంకో నిమిషం అట్లాగే కూర్చున్నాడు.